పదకొండో గడిలో రేవు పేరు

మా పెళ్ళయి అప్పటికి ఇరవై ఆరు రోజులు. అందులో మా ఆయన నా పక్కన ఉన్నవి పన్నెండు. మిగతా పద్నాలుగు రోజులూ ఆయన ఒక ఓడలో నూట ఇరవై బియ్యం బస్తాల పక్కన ఉన్నారు. ఈ ఏర్పాటు చేసింది మా అత్తగారో ఆడపడుచో అయితే మనసులో తిట్టుకుని ఊరుకునేదాన్ని. చేసింది నేనే. అది కూడా సర్కారు ఫారం మీద, మూడు ప్రతుల్లో.

ముందు ఆ పన్నెండు రోజుల గురించి రెండు ముక్కలు. మా ఆయన పేరు మురారి. బత్తాయి తొక్కని ఎక్కడా తెగకుండా ఒకటే పట్టీగా ఒలుస్తారు. బస్సు టికెట్‌ని మడిచి మడిచి చిన్న పడవ చేసి నా అరచేతిలో పెడతారు. కొత్త కాఫీ ఫిల్టరు మూత తీసినప్పుడు టక్కుమంటుంది; ఆ చప్పుడుకి ఇద్దరం నవ్వేవాళ్ళం. ఎందుకు నవ్వామంటే చెప్పలేను. పాలనాశాస్త్రం ఎమ్మేలో యూనివర్సిటీకి రెండో స్థానం తెచ్చుకున్న మనిషిని, ఫిల్టరు మూతకి నవ్వుతున్నానని తెలిస్తే మా ప్రొఫెసరు గారు ఆ స్థానం వెనక్కి తీసుకునేవారు.

ఇక ఉద్యోగం. మా ఆఫీసు పేరు రేవురహిత తీర సరఫరా సంచాలకత్వం. యుద్ధం వస్తే శత్రువు మొట్టమొదట కూలగొట్టేది ఓడరేవునట. రేవు లేకపోతే సైన్యానికి తిండీ బట్టా దిగవు. కాబట్టి రేవు లేని ఇసుక ఒడ్డుకి ఓడలోంచి నేరుగా సరుకు దించడం శాంతికాలంలోనే నేర్చుకుని ఉండాలి. ఆలోచన చాలా మంచిది. ఆ ఆలోచన మీద పదకొండేళ్ళుగా ఆఫీసు నడుస్తోంది. సరుకు మాత్రం ఇంకా దిగలేదు. ఈ ఏడాది దించి తీరాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గుల్లపేట అనే చేపలవాళ్ళ ఊరి ఒడ్డుని ఎంపిక చేశారు. అక్కడి తుఫాను షెల్టరులో మా ఆఫీసు పెట్టారు. ముప్పై మంది జవాన్లు సరుకు అందుకోవడానికి వచ్చి గుడారాలు లేక ఆరుబయట కూర్చున్నారు. గుడారాలు ఓడలో ఉన్నాయి.

నేను అందులో జూనియర్ అసిస్టెంటుని. ఫారాలన్నీ కొత్తగా తయారుచేసే పని నాకు అప్పగించారు. మా పై అధికారి ఉప సంచాలకులు పట్నాయక్ గారు నా ఉత్సాహం చూసి, "అమ్మా సుభాషిణీ, నీలాంటి యువతరం ఈ శాఖకు ఆక్సిజన్," అన్నారు. ఆ మాటకి పొంగిపోయి ఇరవై ఒక్క ఫారాలు తయారుచేశాను.

అసలు సంగతి ఫారం తొమ్మిదిలో ఉంది. ఒడ్డుకు దిగిన సరుకుకి రసీదు అది. నమూనా కోసం ఒక పెద్ద ఓడరేవు వాళ్ళ ఫారం తెచ్చుకుని చూసి రాస్తున్నాను. అప్పటికి నాకు నిశ్చితార్థమై మూడు రోజులు. ఎడమ చేతిలో ఫోను, ఫోనులో మురారి. ఏం తిన్నావు అని ఆయన, మీరేం తిన్నారు అని నేను. దోసె అన్నారు. ఆ దోసె వివరాలు వింటూ పదకొండో గడిని ఉన్నదున్నట్టు ఎక్కించేశాను: "సరుకు దిగిన రేవు పేరు, బెర్తు నంబరు."

అంతటితో ఆగినా బాగుండేది. కాలేజీ రోజుల నుంచీ నాకు దరఖాస్తుల్లో 'వర్తించదు' అని రాసేవాళ్ళంటే చిరాకు. అందుకని ఇరవై ఒక్క ఫారాల అడుగునా సాధారణ సూచన నాలుగు అని నా సొంత తెలివి చేర్చాను: "ఏ గడినీ ఖాళీగా వదలరాదు. గీత కొట్టరాదు. వర్తించదు అని రాయరాదు. ఒక్క గడి పూరించకపోయినా సరుకు స్వీకరించబడదు. సరుకు సంరక్షకుడు సరుకును విడిచి కదలరాదు."

పట్నాయక్ గారు అది చదివి, "శాసనంలా ఉంది," అన్నారు. ఇంటికి వెళ్ళి ఆ మాట కూడా మురారికి ఫోనులో చెప్పాను. ఆయన అదే శాఖలో స్టోర్ కీపరు. మురిసిపోయారు. ఆ సంరక్షకుడు తనేనని అప్పుడు ఇద్దరికీ తట్టలేదు.

ఆ సోమవారం పొద్దున్న ఓడ వచ్చి ఒడ్డుకి రెండు మైళ్ళ దూరంలో లంగరు వేసింది. విన్యాసం కాలంలో ఫోన్లు వాడకూడదని ఓడలో అందరి ఫోన్లూ పెట్టెలో పెట్టి తాళం వేశారు. అందుకని వెళ్ళేముందే మేమొక ఏర్పాటు చేసుకున్నాం. ఆయన బాగుంటే మా పెళ్ళికి పిన్ని పెట్టిన ఆకుపచ్చ తువ్వాలు ఓడ కటకటాల మీద ఆరేస్తారు. ఆఫీసు దుర్భిణి కోసం అర్జీ పెట్టి, నేనే మంజూరుకి పంపి, నేనే తెచ్చుకుని చూశాను. ఆకుపచ్చ తువ్వాలు ఎగురుతోంది. దుర్భిణి ఇంక కళ్ళ మీంచి దించబుద్ధి కాలేదు.

బుధవారం సాయంత్రం అయిదింటి బస్సుకి నేను బొబ్బిలి వెళ్ళాలి, మా పుట్టింటికి. శుక్రవారం నుంచి ఆషాఢం. గురువారం అమావాస్య, అమావాస్య నాడు మా అమ్మ ఎవరినీ గడప దాటనివ్వదు. కాబట్టి బుధవారం తనే వచ్చి నన్ను తీసుకెళ్తానంది. అంటే మురారి బుధవారం సాయంత్రంలోగా ఒడ్డుకి రాకపోతే, మళ్ళీ శ్రావణంలోనే ఆయన మొహం చూడటం. రెండున్నర రోజులుంది. రెండు మైళ్ళ దూరం. చాలనుకున్నాను.

సూరాడ ఎర్రయ్య షెల్టరు మెట్ల దగ్గరికి వచ్చాడు. గుల్లపేట పడవలకి పెద్ద అతనే. అరవై ఏళ్ళుంటాయి, ఎండకి నల్లబడి చింతమొద్దులా ఉంటాడు.

"ఏటి సుబాసినమ్మా, ఓడొచ్చి పొద్దుట్నుంచి నిలబడుంది. సరుకు దించరేటి? మాకాడ పన్నెండు పడవలున్నాయి. పదేసి బస్తాలేస్తే మజ్జానానికి వొడ్డునెట్టీమూ?"

"కెరటాలు పెద్దవిగా ఉన్నాయి కదా ఎర్రయ్యా?"

"మూడు పెద్ద కెరటాలొస్తాయమ్మా. ఆ మూడూ వొగ్గీయాల. నాలుగోదాని ఎనకాల సముద్రం ఊపిరి తీసుకుంటాది. అప్పుడు తోసీడమే. మా తాతకాణ్ణుంచీ ఇదే పని."

లోపలికి పరుగెత్తాను. పట్నాయక్ గారు ఫారం తొమ్మిదిని కళ్ళజోడు పైకెత్తి చూస్తున్నారు.

"అమ్మా, పదకొండో గడిలో ఏం రాద్దాం?"

చూశాను. దోసె గుర్తొచ్చింది.

"సార్, ఇక్కడ రేవు లేదు కదండీ. రేవు లేదని రాస్తే..."

"రేవు పేరు అడిగావమ్మా నువ్వు. ఉందా లేదా అని అడగలేదు."

"ఖాళీగా వదిలేస్తే?"

ఆయన సూచన నాలుగు మీద వేలు పెట్టారు. "గీత కొడదామా అంటే గీత కూడా నువ్వే నిషేధించావు. ఎంత ముందుచూపు."

ఆ మాట ఆయన నిజమైన గౌరవంతోనే అన్నారు.

సవరణ చేద్దామన్నాను. ఫారం సవరణకి ప్రతిపాదన, పరిశీలన, అభిప్రాయ సేకరణ కలిపి నాలుగు నెలలు పడుతుందన్నారు. ఆ నాలుగు నెలల పద్ధతి రాసింది కూడా నేనేనని గుర్తుచేయలేదు. పెద్దమనిషి.

ఆ రోజంతా ఫోన్లలో గడిచింది. మంగళవారం ఉదయం ప్రధాన కార్యాలయం నుంచి పరిష్కారం వచ్చింది. పట్నాయక్ గారు దాన్ని నిలబడి చదివారు.

"రేవు పేరు లేని కారణంగా సరుకు దిగుమతి స్తంభించినందున, సదరు తీరమునందు ఒక తాత్కాలిక రేవును తక్షణమే నెలకొల్పి, దానికి ఒక పేరు ప్రసాదించి, ఆ పేరును పదకొండవ గడియందు పొందుపరచవలసినదిగా ఆదేశించడమైనది."

నాకు ఎంత ఆనందం వేసిందంటే, ఆ ఉత్తర్వుని ముద్దు పెట్టుకుందామనుకున్నాను. రేవు లేకుండా సరుకు దించడం నేర్చుకోవడానికి వచ్చిన వాళ్ళం రేవు కట్టబోతున్నామని ఒక్క క్షణం కూడా తట్టలేదు. మురారి వస్తున్నారు, అంతే.

తాత్కాలిక రేవు అనిపించుకోవాలంటే ఏమేం ఉండాలో మా దగ్గర ఫారం ఉంది. గేటు ఒకటి, బెర్తు ఒకటి, దీపస్తంభం ఒకటి, పేరు ఒకటి. తొమ్మిదింటికి జవాన్లు ఇసుకలో గేటు పాతారు. గేటుకి అటూ ఇటూ గోడ లేదు, కంచె లేదు. మైళ్ళ కొద్దీ ఖాళీ ఇసుక. అయినా గేటు గేటే కాబట్టి దాని ముందు ఒక జవానుని నిలబెట్టారు. చేపల గంప నెత్తిన పెట్టుకుని వస్తున్న పోలమ్మని, అంటే ఎర్రయ్య భార్యని, ఆ జవాను ఆపాడు.

"పాసు."

"ఏటి పాసు?"

"రేవులోకి వెళ్ళాలంటే పాసుండాలి."

పోలమ్మ గేటు చూసింది. గేటు పక్కన ఖాళీ చూసింది. రెండడుగులు పక్కకి వేసి దాటి, మళ్ళీ రెండడుగులు ఇటు వేసి తన దారిన నడిచింది. "మా పెంటడు గూడా ఇంతకంటే బాగా కట్టీస్తాడు," అంది వెళ్తూ వెళ్తూ. పెంటడు వాళ్ళ మేక.

పేరు కోసం వేసిన సంఘంలో పట్నాయక్ గారు అధ్యక్షులు, నేను సభ్యురాలిని. నాకు ఒక పేరు వెంటనే తట్టింది, సిగ్గుపడి చెప్పలేదు. చివరికి 'ప్రగతి రేవు' ఖాయమైంది. దీపస్తంభానికి తాటిచెట్టుకి ఒక లాంతరు కట్టారు. బెర్తుకి నాలుగు వెదుళ్ళు నీళ్ళలో పాతి, ఒకదానికి 'బెర్తు నం. 1' అని పలక తగిలించారు. పాతుతుంటే ఎర్రయ్య చుట్ట కాలుస్తూ చూశాడు.

"అమ్మా, పాటు మీద పాతీసినారు. పోటొస్తే వుండదు."

"సాయంత్రం దాకా ఉంటే చాలు ఎర్రయ్యా."

"పోటు మూడు గంటలకమ్మా."

మూడు గంటలకి పోటు వచ్చింది. బెర్తు నంబరు ఒకటి పలకతో సహా దక్షిణం వైపు ప్రయాణమైంది. జవాన్లు వెంటపడి రెండు వెదుళ్ళు పట్టుకున్నారు. అయినా రేవు నెలకొన్నట్టు ధ్రువపత్రం మధ్యాహ్నం రెండింటికే సంతకమైపోయింది కాబట్టి, కాగితం మీద బెర్తు చెక్కుచెదరలేదు. పదకొండో గడిలో ప్రగతి రేవు, బెర్తు నం. 1 అని నా చేత్తో, గుండ్రటి అక్షరాల్లో రాశాను. రేపు ఉదయమే దించేద్దామన్నారు. ఆ సాయంత్రం ఓడ మీద తువ్వాలు ఊగుతుంటే నేను దుర్భిణికి చెయ్యి ఊపాను. దుర్భిణికి ఊపితే ఆయనకి కనబడదని ఊపిన తర్వాత తెలిసింది.

బుధవారం ఎనిమిదింటికి జీపులో పరిశీలకులు గరుడాచలం గారు దిగారు, ప్రధాన కార్యాలయం నుంచి. సన్నగా, ఇస్త్రీ చొక్కాలో కొత్త కవరులా ఉన్నారు. గేటు చూశారు. లాంతరు చూశారు. ఫారం చూశారు.

"ఇది రేవు కదా."

"చిత్తం సార్, ప్రగతి రేవు," అన్నారు పట్నాయక్ గారు గర్వంగా.

"విన్యాసం పేరేమిటి?"

"రేవురహిత తీరమున సరుకు దిగుమతి సార్."

"రేవు ఉన్న తీరంలో రేవురహిత విన్యాసం ఏ విధంగా జరుగుతుంది?"

బయట పోలమ్మ ఎవరినో పిలుస్తోంది. మేం రేవు కట్టింది ఆయన కార్యాలయం ఉత్తర్వు మీదే. ఆ ఉత్తర్వు ఆయనకే చూపించాం. అది సరఫరా విభాగం ఇచ్చిందట, ఆయనది విన్యాసాల విభాగమట. రెండూ ఒకే వరండాలో ఎదురెదురు గదులు.

"అయితే రేవుని తీసేద్దాం సార్," అన్నాను. "గేటు పీకితే అయిదు నిమిషాలు."

"నెలకొల్పిన రేవుని మనమే తొలగిస్తే అది ప్రభుత్వ ఆస్తికి నష్టం. రేవుని ధ్వంసం చేసే అధికారం ఒక్క శత్రువుకే ఉంది."

పట్నాయక్ గారు తల పంకించారు. "శత్రువు ఎక్కడ దొరుకుతాడు సార్?"

"స్థానికంగా నియమించుకోండి."

ఎర్రయ్యని పిలిచారు. నియామక ఉత్తర్వు నేనే రాశాను. మంచి ఉత్తర్వు రాయడమంటే నాకు సరదా, అదొక జబ్బు. "సూరాడ ఎర్రయ్య అను వారిని ఈ విన్యాసం నిమిత్తం తాత్కాలిక ప్రాతిపదికన శత్రువుగా నియమించడమైనది. వీరు శత్రువునకు ఉండవలసిన సమస్త విధులను సంపూర్ణముగా, బాధ్యతతో నిర్వర్తించవలెను."

ఎర్రయ్య విని చుట్ట ఆర్పాడు.

"శత్రువంటే నానేటి సెయ్యాల?"

"గేటు పడగొట్టాలి," అన్నాను.

"మా ఆడది నన్ను ముప్పయ్యేళ్ళనుంచీ శత్రువంటానే వుంది. ఇయ్యాల సర్కారు గూడా రాసిచ్చీసింది." వేలిముద్ర వేసి, వెళ్ళి గేటుని భుజంతో ఒక్కసారి నెట్టాడు. పడిపోయింది. లాంతరు దింపి, ఇంటికి పనికొస్తుందా అని అడిగాడు. బెర్తుని సముద్రం ముందే ధ్వంసం చేసింది గాని, సముద్రానికి నియామక ఉత్తర్వు లేదు కాబట్టి అది కూడా ఎర్రయ్య ఖాతాలోనే రాశాం.

పదకొండింటికి ప్రగతి రేవు లేదు. మళ్ళీ మొదటికి వచ్చాం. పదకొండో గడిలో ఉన్న పేరుని గరుడాచలం గారు ఎర్రసిరాతో చుట్టి, "ఈ పేరు గల రేవు ప్రస్తుతం ఉనికిలో లేదు," అని రాశారు. ఉనికిలో లేని రేవు పేరు రాయకూడదు. ఉనికిలో ఉన్న రేవు ఉండకూడదు. గడి ఖాళీగా ఉండకూడదు. ఆయన ముగ్గురికీ టీ చెప్పమని, ఈ విషయాన్ని పన్నెండో ఏటికి వాయిదా వేయడం మంచిదేమో అన్నారు.

వాయిదా వేస్తే ఓడ వెనక్కి తిరుగుతుంది. మురారి కూడా వెనక్కి తిరుగుతారు, బస్తాలతో.

ఒంటిగంటకి అమ్మ దిగింది. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో గొడుగు. అమ్మ సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు చేసి రిటైరయింది. ఇప్పటికీ పాలవాడితో కూడా సంతకం పెట్టించుకుంటుంది. షెల్టరు మెట్ల మీద నా పక్కన కూర్చుని సముద్రం వైపు చూసింది.

"అల్లుడెక్కడే?"

"అదిగో. ఆకుపచ్చ తువ్వాలు కింద."

"ఇంకా దిగలేదా? అడ్డం ఎవరు?"

"నేనే."

విషయమంతా చెప్పాను. దోసె సంగతి మాత్రం చెప్పలేదు. అమ్మ నా ఫారం తీసుకుని సూచన నాలుగు రెండుసార్లు చదివింది. "నా పెంపకం," అంది. ఏడుపు ఆపుకుందామని సంచిలో పూతరేకుల డబ్బా తీసి ఒకటి తిన్నాను. ఎందుకో అంత బాధలోనూ పూతరేకు చాలా బాగుంది. అంతటి మనిషిని నేను.

ఆ డబ్బా మూత పెట్టడానికి నా ఫారాల కట్ట పక్కకి జరిపాను. పైకి ఫారం పదిహేడు వచ్చింది.

ఫారం పదిహేడు నేను తయారుచేసిన రోజు శనివారం. ఆ మధ్యాహ్నం పెళ్ళి చీరల కోసం బయల్దేరాలి, బయట ఆటో ఆగి ఉంది. అందుకని దానికి నాలుగే నాలుగు గడులు. శత్రువు చేజిక్కించుకున్న సరుకు ఏమిటి, ఎంత, శత్రువు ఎవరు, సంతకం. రేవు లేదు, బెర్తు లేదు. దాని జంట ఫారం పద్దెనిమిది, శత్రువు నుంచి తిరిగి స్వాధీనం చేసుకున్న సరుకు. దానికీ నాలుగే. ఆటో హారను కొడుతుంటే రాశాను.

లేచి లోపలికి వెళ్ళాను. అధికారులిద్దరూ టీ తాగుతున్నారు.

"సార్, చిన్న సందేహం. శత్రువు నియామక ఉత్తర్వులో సమస్త విధులు అని ఉంది. ఉదయం పదకొండు నుంచీ శత్రువు ఖాళీగా కూర్చుని ఉన్నాడు."

"అయితే?" అన్నారు గరుడాచలం గారు.

"ఎదురుగా మన సరుకు ఓడ ఉంది. శత్రువు దాని జోలికి వెళ్ళలేదు. రేపు ఆడిట్ వాళ్ళు, నియమించిన శత్రువు చేత విధులు ఎందుకు చేయించలేదు అని అడిగితే..."

గరుడాచలం గారి చేతిలో కప్పు ఆగింది. ఆడిట్ అనే మాట విన్నప్పుడు పెద్ద అధికారుల మొహంలో వచ్చే మార్పు ఏ దేవుడి పేరు విన్నా రాదు.

"శత్రువుని వెంటనే విధుల్లోకి పంపండి," అన్నారు.

"మన జవాన్లు ప్రతిఘటించాలి కదా సార్?" అన్నారు పట్నాయక్ గారు.

"ప్రతిఘటనకి ఫారం పంతొమ్మిది. అది ఇంకా అచ్చులో ఉంది సార్," అన్నాను. నిజంగానే అచ్చులో ఉంది.

ఎర్రయ్యకి చెప్పేసరికి ఒకటిన్నర. నేను ఒక చీటీ రాసి అతని చేతికిచ్చాను. "శత్రువు వస్తున్నాడు. ఎదిరించకండి. అన్నీ ఇచ్చేసి మీరూ పట్టుబడండి. సు." ఎర్రయ్య చీటీని తలపాగాలో దోపుకున్నాడు.

"సరుకంతా మనదేనా అమ్మా?"

"కాసేపు మీదే. తర్వాత జవాన్లు మీ వాకిట్లోంచి తీసుకెళ్తారు."

"మరి ఆళ్ళొచ్చి తీసుకెల్లిపోతే, నానేటి శత్రువుని?"

"మంచి శత్రువువి."

పన్నెండు పడవలు నీళ్ళ అంచున వరసకట్టాయి. ఒక్కొక్క దాని పక్కన అయిదుగురు. ఎర్రయ్య చేయి పైకెత్తాడు. ఒక కెరటం వచ్చి విరిగింది. రెండోది. మూడోది పెద్దది, మా చీరల అంచులు తడిపి వెళ్ళింది. నాలుగోది దాటగానే అతని చేయి కిందికి వచ్చింది. పన్నెండు పడవలూ ఒకే మనిషి తోసినట్టు కదిలాయి. గరుడాచలం గారు తెలియకుండానే లేచి నిలబడ్డారు. పదకొండేళ్ళ సంచాలకత్వం చూడాలనుకున్నది అదే, రేవు లేని తీరంలో. చూపిస్తున్నది శత్రువు.

మొదటి విడత రెండున్నరకి వచ్చింది. జవాన్లు కుతూహలం ఆపుకోలేక నీళ్ళలోకి దిగి బస్తాలు పట్టుకున్నారు. శత్రువుకి సాయం చేయకూడదని ఏ ఫారంలోనూ లేదు. బియ్యం, కందిపప్పు, గుడారాలు, బూట్లు అన్నీ ఎర్రయ్య వాకిట్లో పోలమ్మ ఎండు చేపల పక్కన దిగాయి. మూడు విడతలు. నాలుగుంపావుకి ఆఖరి పడవ. దాని ముందు భాగంలో, మెడలో ఆకుపచ్చ తువ్వాలుతో, మోకాళ్ళ దాకా తడిసి, మా ఆయన.

నేను పరుగెత్తలేదు. అమ్మ పక్కనే ఉంది. నడిచాను. కాస్త వేగంగా నడిచాను.

"ఏం తిన్నావు?" అన్నారు మురారి.

"పూతరేకు. మీరు?"

"పద్నాలుగు రోజులూ పప్పు."

వెంటనే ఫారం పద్దెనిమిది మీద జవాన్లు సరుకంతా తిరిగి స్వాధీనం చేసుకున్నారు. అంటే వాకిట్లోంచి నలభై అడుగులు మోసుకెళ్ళారు. నాలుగున్నరకి అన్నీ అయిపోయాయి. పట్నాయక్ గారి కళ్ళు చెమర్చాయి. గరుడాచలం గారు ఒక్కటే ప్రశ్న వేశారు.

"ఫారం పదిహేడులో శత్రువు చేజిక్కించుకున్న వాటి జాబితా చివర 'స్టోర్ కీపరు ఒకరు' అని ఉంది. పద్దెనిమిదిలో ఆయన లేరు."

తొందరలో నేనే రాశాను. సరుకుతో పాటు ఆయన పేరు కూడా భద్రంగా ఎక్కించాలనిపించింది.

"మనిషిని సరుకుగా స్వాధీనం చేసుకోరాదు," అన్నారాయన. "ఈయన యుద్ధఖైదీ. ఖైదీల విడుదలకు ఏ ఫారం?"

"ఇరవై ఒకటి సార్," అన్నాను. ఫారం ఇరవై ఒకటి తయారుచేసినప్పుడు నాకు బోలెడంత తీరిక. దానికి పద్దెనిమిది గడులున్నాయి. ప్రధాన కార్యాలయం ఆమోదం రావాలి. కనీసం నెల. ఆమోదం వచ్చేదాకా ఖైదీ శత్రువు ఇంట్లోనే ఉండాలి. జూనియర్ అసిస్టెంటు ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి ఖైదీని స్వయంగా చూసి, క్షేమమని సంతకం పెట్టాలి. ఎంత చక్కగా రాశానో, చదువుతుంటే గుండె జారిపోయింది.

తర్వాత మళ్ళీ చదివాను. ఈసారి నెమ్మదిగా.

అయిదింటి బస్సు ఊళ్ళోకి వచ్చి హారను కొట్టింది. అమ్మ సంచి అందుకుంది. "పద. శుక్రవారం నుంచి ఆషాఢం. అల్లుడు వాళ్ళింటికి, నువ్వు మనింటికి."

"అమ్మా, ఈయన వాళ్ళింటికి వెళ్ళడానికి లేదు. శత్రువు ఇంట్లో ఉండాలి. నేను మనింటికి రావడానికి లేదు. రోజూ రెండు పూటలా సంతకం పెట్టాలి."

"ఆషాఢంలో కొత్త పెళ్ళాం మొగుణ్ణి చూడకూడదే."

పోలమ్మ వాకిట్లో చేపలు తిరగేస్తోంది. తలెత్తకుండానే అంది, "ఈయన మొగుడు కాదమ్మా ఇప్పుడు. కైదీ."

అమ్మ కాసేపు మురారిని, కాసేపు నన్ను చూసింది. తర్వాత చేయి చాపింది. "కాగితం ఉందా?"

ఇచ్చాను. ముందూ వెనకా చూసింది. ముద్ర వెలుగులోకి పెట్టి చూసింది. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు ఆ చూపులో ఉంది.

"కాగితం ఉంటే సరే," అంది. "పోలమ్మా, మా అమ్మాయి లోపల నీ పక్కన పడుకుంటుంది. అల్లుడు బయట పడవ పక్కన. దీనికి ఫారం లేదు గాని, నువ్వు చూసుకో."

"నాను సూస్తానమ్మా," అంది పోలమ్మ. పోలమ్మ నిజంగానే చూస్తోంది. ఫారం లేని నిబంధన ఎంత గట్టిదో అప్పుడు తెలిసింది.

అయినా మా ఆనందానికి ఏమీ లోటు లేదు. ఉదయం ఆరింటికి నేను రిజిస్టరు పట్టుకుని వాకిట్లోకి వస్తాను. ఖైదీ లేచి నిలబడతాడు. క్షేమమా అని అడుగుతాను. క్షేమమే అంటాడు. ఇద్దరం నవ్వుతాం. ఖైదీకి ఎర్రయ్య వల అల్లడం నేర్పుతున్నాడు; రోజంతా ఈయన అల్లింది సాయంత్రం ఎర్రయ్యే విప్పేస్తున్నాడు. "ఈ కైదీని మార్చీండమ్మా, పనికి రాడు," అంటాడు నాతో. గరుడాచలం గారు తన నివేదికలో, రేవురహిత దిగుమతిలో మనం పదకొండేళ్ళలో చేయలేనిది శత్రువు మూడు గంటల్లో చేశాడని, మన సిబ్బందికి శత్రువు చేత శిక్షణ ఇప్పించాలని రాశారట. ఎర్రయ్యకి ఆ కబురు చెబితే, "ముందల మూడు కెరటాలు ఒగ్గీడం నేర్చుకోమను," అన్నాడు.

ఒక్కటే గండం వచ్చింది. నెల పడుతుందనుకున్న ఫారం ఇరవై ఒకటి తొమ్మిదో రోజే ఆమోదమై తిరిగి వచ్చింది. శాఖ చరిత్రలో ఇంత వేగం లేదు; గరుడాచలం గారు స్వయంగా కదిలించారట. ఖైదీని తక్షణం విడుదల చేయవలెను. అంటే ఆయన వాళ్ళింటికి, నేను బొబ్బిలికి, ఆషాఢం ఇంకా మూడు వారాలు.

ఒక్కొక్క గడీ చూసుకుంటూ వచ్చాను. పద్నాలుగో గడి, "ఖైదీ ఎడమ చెవి మీద పుట్టుమచ్చల వివరం". ప్రధాన కార్యాలయం వాళ్ళు అక్కడ చిన్న గీత కొట్టారు.

గీత కొట్టరాదు.

తపాలా రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. పోవడానికి ఆరు, వాళ్ళు ఆలోచించడానికి పది, రావడానికి ఆరు. అప్పటికి ఆషాఢం అయిపోతుంది. ఆక్షేపణ పత్రం గుండ్రటి అక్షరాల్లో, మూడు ప్రతుల్లో రాసి, పైన 'సాధారణ సూచన నాలుగు ప్రకారం' అని ఎర్రసిరాతో గీత గీసి, ఫారాన్ని వెనక్కి పంపాను. తర్వాత రిజిస్టరు తీసుకుని వాకిట్లోకి వెళ్ళాను. ఆరయింది.